శబ్దానికి చెక్కుబందీ

సాగరమాధురి అపార్ట్‌మెంట్స్‌లో నేలమీద నిలబడడానికి మనుషులకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. స్పీకర్లకు కావాలి. ఈ సంగతి మూడువందల మూడో ఫ్లాటు పట్టాభికి ముందే తెలిసుంటే, ఆ జతను దుప్పట్లో చుట్టి, ఊర్నించి మేనత్తలొచ్చారని చెప్పి పైకి తెచ్చుకునేవాడు. తెలియక, పెద్దమనిషిలా వెళ్ళి అడిగాడు.

పట్టాభి పోర్టులో క్రేన్ల దగ్గర సూపర్‌వైజరు. పగలంతా ఇనుము ఇనుముతో కొట్లాడే చోట బతికే మనిషికి, ఇంటికొచ్చాక నాలుగు మంచి స్వరాలు వినాలనిపించడంలో తప్పేం లేదు. పైగా అతను వినాలనుకున్నది ఒకే ఒక్క పాట. అతని భార్య హైమవతి పెళ్ళికి ముందు, కాలేజీ రోజుల్లో, రేడియోలో ఓ లలితగీతం పాడింది. ఆ క్యాసెట్టు కొవ్వూరులో పుట్టింటి అటక మీద ఎలకల నోట పడకుండా ఎలాగో మిగిలింది. ఈమధ్యనే ఆమె తమ్ముడు దాన్ని ఫోన్లోకి ఎక్కించి పంపాడు. పట్టాభి ఆత్రంగా పెట్టుకుని విన్నాడు. అగ్గిపెట్టెలో తుమ్మెదను పెట్టి మూసినట్టుంది. ఆ తుమ్మెదలో తన భార్య ఎక్కడుందా అని వెతుక్కుంటూ పదేపదే విన్నాడు. ఆ గొంతు నిండుగా, మనిషి ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టు ఒక్కసారి వినాలి. అదీ అతని కోరిక.

కోరిక చిన్నదే గాని హాలు అంతకన్నా చిన్నది. సోఫా, టీవీ, ఇస్త్రీ బల్ల పోగా మిగిలిన చోటులో భార్యాభర్తలు ఒకరికొకరు దారిచ్చుకుంటూ తిరుగుతారు. షాపుల్లో మొదట అల్మరాలో పెట్టుకునే బుల్లి స్పీకర్లు చూపించారు. వాటికి కింద స్టాండ్లు కావాలన్నారు. స్టాండు ఎంత చోటు తింటుందో నిలువు స్పీకరూ అంతే తింటున్నప్పుడు, ఆ స్టాండు ఎత్తు మేరకూ స్పీకరే ఉంటే పోలా అని పట్టాభి తర్కించాడు. అలాగని పెద్ద టవర్లు పెడితే సోఫా వెళ్ళి కారిడార్లో కాపురం పెట్టాలి. వెనక గాలి కన్నం ఉన్నవాటిని గోడకు దూరంగా ఉంచాలన్నారు. ఆ హాల్లో ఒక గోడకు దూరం జరిగితే ఎదుటి గోడ తగులుతుంది. ఇలా ఆదివారాలన్నీ కాళ్ళరిగేలా తిరగ్గా తిరగ్గా, నడుమెత్తున, బిందె పట్టే చోటులో ఒదిగిపోయే జత ఒకటి దొరికింది. కన్నం ముందువైపే ఉంది. షాపు యజమాని మర్యాదస్తుడు. ఓ వారం ఇంట్లో పెట్టుకుని వినమనీ, నచ్చితేనే ఉంచుకోమనీ అన్నాడు. హైమవతి వాటి ఎత్తు విని, మీద పూలకుండీలు పెట్టుకోవచ్చని సంతోషించింది.

బరువైన సామాను లిఫ్టులో ఎక్కిస్తే సెక్రటరీకి చెప్పాలని అక్కడ రూలు. పట్టాభి కొరివితో తల గోక్కోవడానికి రెండో అంతస్తుకు వెళ్ళాడు.

సెక్రటరీ మార్కండేయులు గారు డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యారు. రెవెన్యూ శాఖ ఆయన్ని వదిలింది గాని, ఆయన శాఖను వదల్లేదు. గట్ల తగాదాల్లోనే తల నెరిసిన మనిషి. లోకంలో హద్దుల్లేని వస్తువు ఒకటుందంటే ఆయనకు అన్నం సయించదు. స్పీకర్లనే మాట వినగానే కళ్ళజోడు సర్దుకుని, కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"సదరు స్పీకర్ల నుంచి వెలువడు శబ్దానికి చెక్కుబందీ ఏమిటి?" అన్నారు.

పట్టాభికి అర్థం కాలేదు. ఆయన ఓపిగ్గా వివరించారు. భూమి దస్తావేజులో తూర్పున ఫలానా వారి పొలం, పడమర ఫలానా వారి చెరుకుతోట అని నాలుగు హద్దులూ రాస్తారు, అదే చెక్కుబందీ. అది లేని ఆస్తి ఆస్తే కాదు. ఇప్పుడీ శబ్దం గోడ దాటుతుందా, దాటదా? కొద్దిగా దాటుతుందని పట్టాభి నిజాయితీగా ఒప్పుకున్నాడు. దాటినంత మేరా అది పక్కవాడి స్వాధీనంలోకి వెళ్తుందన్నారు మార్కండేయులు గారు. స్వాధీనంలో ఉన్నవాడికి హక్కు పుడుతుంది. హక్కున్నవాడికి నోటీసివ్వాలి. సర్వే అయ్యేదాకా యథాతథ స్థితి.

అట్టపెట్టెలు పైకి ఎక్కాయి గాని, వాటి మూతల మీద లక్క సీళ్ళు పడ్డాయి. మర్నాటికల్లా హద్దుదారులు ఖరారయ్యారు. తూర్పున మూడువందల రెండులో లెక్కల లెక్చరరు దాలినాయుడు. పడమర మూడువందల నాలుగులో రిటైరైన హెడ్మిస్ట్రెస్ రాజ్యలక్ష్మి గారు. పైన నాలుగువందల మూడులో జిమ్ము నడిపే గవర్రాజు. కింద రెండువందల మూడులో సాక్షాత్తూ సెక్రటరీ గారే. ఉత్తరాన కారిడారు, దక్షిణాన ఆకాశం. ఆకాశానికి ఇవ్వవలసిన నోటీసును బాల్కనీ ఊచలకు అతికించారు. గడువులోగా అటునుంచి అభ్యంతరాలేమీ రాలేదు.

పట్టాభి ఆ రెండు పెట్టెల మధ్య నుంచి పక్కకు తిరిగి నడుస్తూ, రోజూ వాటి మీద దుమ్ము తుడుస్తూ గడిపాడు. వారంలో సగం అలాగే పోయింది.

సర్వే సెలవురోజు పొద్దున్న జరిగింది. హద్దుదారులు నలుగురూ ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని, తమ హద్దు వెంబడి చెవి ఆనించి వినాలి. ఇంటివాడు లబ్ధిదారుడు కనక, విచారణ నిష్పక్షపాతంగా జరగడానికి ఇంట్లో ఉండరాదు. సెక్రటరీ స్వయంగా సీళ్ళు తీయించి, గాత్రకచేరీ ఒకటి పెట్టించి, తాళం వేసి, తాళంచెవి తీసుకుని కిందికి వెళ్ళిపోయారు. పాట పట్టాభి హాల్లో మోగింది. పట్టాభి లిఫ్టు దగ్గర నిలబడ్డాడు. హైమవతి ఆ సంగతి ముందే ఊహించి, చిక్కుడుకాయల పళ్ళెం తెచ్చుకుని మెట్ల మీద కూర్చుని ఈనెలు తీస్తోంది. తన తలుపు దగ్గరకు వెళ్ళి కాస్త విందామనిపించింది పట్టాభికి. అంతలో, తలుపు కూడా ఉత్తరపు హద్దులోకే వస్తుందేమోనని భయపడి ఆగిపోయాడు.

మధ్యాహ్నం సెల్లారులో, స్కూటర్ల మధ్య కుర్చీలేసి సమావేశం పెట్టారు. గొడవ ఎక్కువగా ఉందంటారనుకుని పట్టాభి తల వంచుకు కూర్చున్నాడు. జరిగింది వేరు.

దాలినాయుడు లేచి, "నాకేటండీ, మద్దెలొక్కటే ఒచ్చింది. పాటా లేదు, ఫిడేలూ లేదు. అయ్యన్నీ టీచరమ్మగారింటికే పోతన్నాయి. ఇదేటి నాయం?" అన్నాడు. రాజ్యలక్ష్మి గారు తనకు ఫిడేలు తప్ప మద్దెల వినిపించలేదనీ, జీవితంలో తాళం తప్పిన దాన్ని దేన్నీ తన ఇంటి గడప తొక్కనివ్వలేదనీ చెప్పారు. గవర్రాజుకు దబదబలు మాత్రమే అందాయి. ఎవరో తలుపు బాదుతున్నారనుకుని వాళ్ళావిడ మాటిమాటికీ లేచి వెళ్ళి తీసిందట. మార్కండేయులు గారు చివర్న గొంతు సవరించుకుని, రెండువందల మూడుకు శబ్దం శూన్యమనీ, కేవలం భారం మాత్రమే సంక్రమించిందనీ సెలవిచ్చారు. స్పీకర్ల కాళ్ళు పట్టాభికి నేలమీద ఉండవచ్చు గాని తనకు నెత్తిమీద ఉన్నాయన్నారు.

అంటే గొడవ శబ్దం ఎక్కువైనందుకు కాదు, వాటా తక్కువైనందుకు. పట్టాభి తెల్లబోయి, పోనీ అందరికీ ఇబ్బంది లేకుండా సౌండు తగ్గించి పెట్టుకుంటానన్నాడు. నలుగురూ ఒక్కసారిగా లేచారు. ఉన్న వాటాల్లో కోత పెట్టే అధికారం అతనికి ఎవరిచ్చారని నిలదీశారు.

రెండో సర్వేలో కుడి స్పీకరును ఎడమకూ, ఎడమదాన్ని కుడికీ మార్చారు. మద్దెల రాజ్యలక్ష్మి గారికి, ఫిడేలు దాలినాయుడికి వెళ్ళాయి. అయితే ఈలోగా నాయుడికి మద్దెల అలవాటైపోయింది. అనుభవంలో ఉన్నదాన్ని లాక్కోవడం చెల్లదని ఆయన వాదించాడు. అది అనుభవ హక్కేనని మార్కండేయులు గారు ఒప్పుకోక తప్పలేదు. గవర్రాజు తన వాటా కోసం స్పీకర్లను పీట మీదకు ఎక్కించమన్నాడు. పీట మీద నిలబడ్డది నేలమీద నిలబడ్డట్టు కాదనీ, అనుమతి కోరింది నేలమీద నిలబడే స్పీకర్లకు గనక పీటకు వేరే దరఖాస్తు పెట్టుకోవాలనీ సెక్రటరీ తేల్చారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం ఆయన. ఆ మూడు కాళ్ళూ నేలమీదే ఉండాలనడం అదనం.

ఆఖరికి తుది ఉత్తర్వు వెలువడింది. మార్కండేయులు గారు నిలబడి చదివారు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మూడువందల మూడో ఫ్లాటు శబ్దము నలుగురు హద్దుదారులకు సమానముగా చెందవలెను. కావున వారములో కొన్ని దినములు ఒక స్పీకరు తూర్పు గోడకు, రెండవది పడమర గోడకు ముఖము చేసి నిలబడవలెను. పైవారి వాటా నిమిత్తము ఒక దినము రెండింటినీ వెల్లకిల పరుండబెట్టవలెను. కిందివారి వాటా నిమిత్తము ఒక దినము బోర్లా పరుండబెట్టవలెను."

అందరూ చప్పట్లు కొట్టారు. పట్టాభి చెయ్యెత్తి, "మరి మాకండీ?" అన్నాడు.

మార్కండేయులు గారు ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు. నియమావళి తిరగేశారు, కళ్ళు మూసుకుని ఆలోచించారు, మళ్ళీ తిరగేశారు.

"హద్దు చుట్టూ ఉన్నవాడిది, పట్టాభి గారూ. మధ్యలో ఉన్నవాడు హద్దుదారుడు కాడు. మీ ప్రస్తావన ఎక్కడా లేదు" అన్నారు. ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది.

గడువు తీరి వచ్చిన షాపు యజమాని తన స్పీకర్లు హాల్లో బోర్లా పడుకుని ఉండడం చూశాడు. ఆ రోజు సెక్రటరీ గారి వాటా. వాటిని పిల్లల్ని లేపినట్టు జాగ్రత్తగా లేపి, ఒళ్ళు తుడిచి, తీసుకుపోయాడు. వారం అయిపోయింది. ఇంట్లో స్పీకర్లున్నన్నాళ్ళూ, పట్టాభి కోరుకున్న ఆ ఒక్క పాటా వాటిలో మోగలేదు. వాటా తేలని శబ్దాన్ని ముందే వాడుకోవడం కోర్టు ధిక్కారం లాంటిదని సెక్రటరీ హెచ్చరించారు. తేలాక అందులో పట్టాభికి వాటాయే లేకపోయింది. పట్టాభి నదురూ బెదురూ ఉన్న మనిషి.

మర్నాడు సాయంత్రం దీపాల వేళకు కరెంటు పోయింది. జనరేటరు లిఫ్టుకూ సెల్లారుకూ తప్ప ఇళ్ళకు ఇవ్వదు. ఫ్యాన్లు ఆగాయి, టీవీలు ఆగాయి. మొత్తం సాగరమాధురి ఒక్కసారిగా నోరు మూసుకుంది. పట్టాభి సోఫాలో కూర్చుని, ఏం తోచక ఫోను తీసి ఆ పాట పెట్టాడు. తుమ్మెద మళ్ళీ అగ్గిపెట్టెలో గిరగిరా తిరిగింది. అతనికి దుఃఖం వచ్చింది. ఇంత చిన్న కోరికను ఇంతమంది కలిసి తొక్కేశారే అని, తన చేతగానితనం మీద తనకే కోపం కూడా వచ్చింది.

బాల్కనీ గుమ్మంలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్న హైమవతి, పాట అయ్యేదాకా ఊరుకుని, "అదంత ఇష్టమైతే నన్నడగొచ్చు కదండీ" అంది.

పట్టాభి అటు తిరిగాడు. పెళ్ళయ్యాక ఆమె ఎప్పుడూ పాడలేదనీ, మానేసిందనే అనుకున్నాననీ నసిగాడు.

"మానలేదు. ఎవరూ అడగలేదు. స్పీకర్ల కోసం ఊరంతా తిరిగారు గాని, నేను ఈ వంటింట్లోనే ఉన్నానండీ ఇన్నాళ్ళూ" అంది హైమవతి. నిష్ఠూరంగా అనలేదు. ఉప్పు ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది.

పట్టాభికి సిగ్గేసింది. ఇంత సిగ్గు అతనికి సెల్లారు సమావేశంలో కూడా వెయ్యలేదు. చిన్న గొంతుతో, "పాడతావా?" అన్నాడు.

ఆమె విసనకర్ర పక్కన పెట్టి, మంచినీళ్ళు తాగి, కొంగు సర్దుకుని మొదలెట్టింది. గోదారి మీద వాన పడే పాట అది. ఆ గొంతు క్యాసెట్టులోని అమ్మాయిది కాదు. అంతకన్నా కిందికి దిగింది, బరువెక్కింది, అక్కడక్కడా కాస్త గరుకు తేలింది. చరణంలో ఒకచోట ఊపిరి అందక ఆగిపోయి, తనలో తను నవ్వుకుని, మళ్ళీ అందుకుంది. పట్టాభికి కళ్ళు చెమర్చాయి. చీకట్లో ఎవరూ చూడరు గనక తుడుచుకోలేదు. తాను వెతుక్కున్న గొంతు కన్నా ఇదే తనకు ఎక్కువ కావాలని అతనికి తెలిసొచ్చింది. అతను సంతోషంగా ఉన్నాడు, అంతే. పాట అయిపోయాక ఇంకోటి అడిగాడు.

పొద్దున్నే తలుపు చప్పుడైంది. తీస్తే మార్కండేయులు గారు, వెనక హద్దుదారులు ముగ్గురూ ఉన్నారు. నిన్న సాయంత్రం ముందస్తు నోటీసు లేకుండా ట్రయల్ నిర్వహించినట్లు తమ దృష్టికి వచ్చిందన్నారు సెక్రటరీ. పట్టాభి క్షమించమని చేతులు జోడించాడు.

"అయినను, ఫలితములు సంతృప్తికరము" అన్నారాయన.

నలుగురూ లోపలికొచ్చి కూర్చున్నారు. దాలినాయుడికి పాట మొత్తం, మొదలు నుంచి కొస దాకా అందింది. రాజ్యలక్ష్మి గారు తాళం ఎక్కడా తప్పలేదన్నారు, సోఫా చెయ్యి మీద వేసి చూసుకున్నారట. గవర్రాజు ఇంట్లో దబదబలు లేవు, వాళ్ళావిడ ఒక్కసారి కూడా తలుపు తియ్యలేదు. సెక్రటరీ గారి నెత్తిమీద భారం లేదు.

"పైగా కరెంటు లేకుండా పనిచేసింది" అన్నారు మార్కండేయులు గారు ముందుకు వంగి. "మధ్యలో ఒకచోట ఆగి, నవ్వి, తిరిగి అందుకుంది. అంతటి సహజత్వం ఇంతవరకు ఏ కంపెనీ ఇవ్వలేదు. ఏ మోడలండీ అది?"

అది స్పీకరు కాదని పట్టాభి చెప్పబోయాడు. వర్గీకరణ సంగతి అసోసియేషన్ చూసుకుంటుందని సెక్రటరీ ఆపేశారు. గోడకు చెవి పెట్టి వినడం మరిగిన వాళ్ళకు, గోడకు అవతల మనిషి ఉండొచ్చన్న ఊహే రాలేదు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే వాళ్ళతో ఏం మాట్లాడతాం? పట్టాభికి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత ధైర్యం కూడా వచ్చింది.

"కొవ్వూరు తయారీ అండీ. అప్పట్లో ఒక్కటే చేశారు" అన్నాడు.

మార్కండేయులు గారు అది రాసుకుని, సదరు మోడల్ను నలుగురు హద్దుదారులూ ఏకగ్రీవంగా ఆమోదించారనీ, ఇకపై ప్రతి ఫ్లాటులోనూ అటువంటిదే ఒకటి విధిగా ఉండవలెనని తీర్మానం చేయబోతున్నామనీ ప్రకటించారు. ఒక్కటే చేశారంటున్నారు కనక, కొవ్వూరుకు మనిషిని పంపి, మరికొన్ని చేయించే వీలుందేమో కనుక్కుంటామన్నారు.

హైమవతి కాఫీ గ్లాసుల పళ్ళెంతో వచ్చింది. అందరికీ ఇచ్చి, ఖాళీ పళ్ళెం పట్టుకుని నిలబడింది.

"అంతదూరం ఎందుకండీ, ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. ఎవరైనా ఎప్పుడైనా పాడమని అడిగారేమో కనుక్కోండి" అంది.

రాజ్యలక్ష్మి గారు ముందు హైమవతి ముఖం చూశారు, తర్వాత చేతిలో గ్లాసు చూసుకున్నారు, తర్వాత పకపకా నవ్వడం మొదలెట్టారు. నాయుడు, గవర్రాజు ఆవిడ ఎందుకు నవ్వుతోందో తెలియక, మర్యాదకు నవ్వారు. మార్కండేయులు గారు మాత్రం నవ్వలేదు. సామగ్రి ప్రతి ఇంట్లో ఇదివరకే ఉన్నట్లు తెలియవచ్చినందున, సభ్యులు ఎవరిళ్ళను వారు తనిఖీ చేసుకోవలసిందిగా కోరవచ్చునని శ్రద్ధగా రాసుకున్నారు. రాసుకున్నాక కలం అక్కడే ఆగింది. కాఫీ పూర్తిగా తాగకుండానే లేచి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం కరెంటు ఉంది గాని, పట్టాభి ఇంట్లో టీవీ పెట్టలేదు. కింద రెండువందల మూడులో చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత మార్కండేయులు గారి గొంతు వినిపించింది. ఇల్లాలిని పేరు పెట్టి పిలవడం అలవాటు లేని మనిషి, తడుముకుంటూ, "కనకవల్లీ, నీకు అభ్యంతరము లేనియెడల, ఒక పాట పాడవలసిందిగా కోరడమైనది" అన్నారు. ఇన్నేళ్ళకు ఇదేం కోరికని ఆవిడ కసిరారు. ఆయన మళ్ళీ కోరారు. ఈసారి ఆయన గొంతులో ఆఫీసు లేదు. కాసేపటికి మంగళహారతి పాట ఒకటి, వణుకుతూ, శ్రుతి అటూ ఇటూ అవుతూ పైకి వచ్చింది.

పట్టాభి చాప పక్కకు తీసి, చెవి నేలకు ఆనించి పడుకున్నాడు. రెండువందల మూడుకు పైనున్న హద్దుదారుడు అతనే గనక, ఆ పాటలో అతనికి న్యాయంగా వాటా ఉంది. హైమవతి కూడా వచ్చి పక్కనే పడుకుంది.